కన్ను వెనక నొప్పి, మెడలో బుడిపె

ఫిజియోథెరపీ అమ్మాయి నన్ను వెల్లకిలా పడుకోబెట్టింది. తల కాస్త కుడి భుజం వైపు వంచి, గడ్డం ఎడమ పక్కకి తిప్పింది. చెవి వెనక నుంచి గొంతు కింద ఎముక దాకా ఏటవాలుగా దిగే కండ ఒకటి ఉంటుంది కదా, కోపంతో అరిచేవాళ్ళ మెడలో తాడులా లేచి కనిపిస్తుందే, అది. దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుంది. మా అమ్మ పాకం తీగ వచ్చిందో లేదో రెండు వేళ్ళ మధ్య చూసుకునేది, అంత నెమ్మదిగా, కింద నుంచి పైకి వెతుక్కుంటూ వెళ్ళింది. సగం దూరం వెళ్ళాక ఒకచోట ఆగింది. నొక్కిందని కూడా అనలేను, ఆగింది అంతే. నా కుడి కన్ను వెనకాల భగ్గుమంది.

అదే నొప్పి. రెండేళ్ళుగా మధ్యాహ్నం మూడింటికి మొదలై రాత్రి పడుకునేదాకా వదలని నొప్పి, అచ్చం అదే, అక్కడే.

"ఇదేనా సార్ మీ తలనొప్పి?" అంది.

"ఇదేనమ్మా. కానీ నువ్వు పట్టుకుంది మెడ కదా?"

నవ్వింది. ఆ నవ్వు చూస్తే ఈ ప్రశ్న రోజుకి నలుగురు అడుగుతారని అర్థమైంది.

నా సంగతి చెప్పాలంటే, వయసు 46, రాజమండ్రిలో బ్యాంకు ఉద్యోగం, సగం రోజులు క్యాష్ కౌంటర్లోనే. రెండేళ్ళ కిందట ఈ తలనొప్పి మొదలైనప్పుడు ఎవరు ఏం చెబితే అది చేశాను. కళ్ళద్దాలు మార్చాను. సైనస్ అన్నారు, ఆవిరి పట్టాను. మా అత్తగారు శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేశారు, నుదురు మండింది కాబట్టి ఓ గంట లోపలి నొప్పి తెలియలేదు, అది మందు పనిచేసినట్టో కాదో మీరే చెప్పండి. అమృతాంజనం సీసా ఎటూ జేబులోనే ఉండేది. (1893లో బొంబాయిలో దాన్ని మొదలుపెట్టింది మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారే కదా, ఆ డబ్బుతోనే ఆంధ్రపత్రిక నడిపారు. అంటే తెలుగు జర్నలిజానికి జనం తలనొప్పులు బాగానే పెట్టుబడి పెట్టాయి.) దిష్టి కూడా తీశారు. దిండు ఎండలో పెడితే మెడ పట్టు పోతుందన్నారు, పెట్టాం. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తన్నితే పోయేది నడుం పట్టు కాబట్టి బతికిపోయాను గానీ, తలనొప్పికి కూడా పనిచేస్తుందని ఎవరైనా అనుంటే మా బావమరిది సిద్ధంగానే ఉన్నాడు.

ఇక బిళ్ళలు. మొదట వారానికి రెండు, తర్వాత రోజుకి ఒకటి, ఆఖరికి మధ్యాహ్నం భోజనం అవగానే నొప్పి రాకముందే ముందుజాగ్రత్తగా ఒకటి వేసుకునే స్థితికి వచ్చాను. చివరికి న్యూరాలజిస్టు దగ్గరికి వెళితే ఆయన అన్ని పరీక్షలూ చేసి, స్కాన్ చూసి బాగానే ఉందని చెప్పి, నెలకి ఎన్ని బిళ్ళలు వేస్తున్నావని అడిగారు. లెక్క చెప్పాను. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అది ఇదేనయ్యా అన్నారు. మామూలు నొప్పి బిళ్ళలు నెలలో 15 రోజులు, రెండు మూడు మందులు కలిపిన బిళ్ళలైతే 10 రోజులు, అలా మూడు నెలలకి మించి వాడితే ఆ బిళ్ళలే తలనొప్పి తెప్పిస్తాయట. నాకు ఎవరూ చెప్పలేదు. మెడికల్ షాపులో అడిగిన ప్రతిసారీ ఇచ్చారు, ఎందుకని ఒక్కరూ అడగలేదు. బిళ్ళలు ఆపమన్నారు, ఆపితే మొదటి పది రోజులు ఇంకా ఎక్కువవుతుందని కూడా ముందే చెప్పారు. తర్వాత లేచి నా వెనక్కి వచ్చి మెడ మీద రెండు మూడు చోట్ల నొక్కి చూసి, చీటీ మీద ఫిజియోథెరపీ అని రాశారు. నేను లోలోపల కొంచెం నిరాశపడ్డాను. రెండేళ్ళ నొప్పికి ఏదో పెద్ద పేరున్న జబ్బు ఉంటుందనుకున్నాను, తీరా చూస్తే మసాజ్.

మసాజ్ కాదు. ఆ తేడా చెప్పడానికే ఈ పోస్టు.

ఫిజియో అమ్మాయికి పాతికేళ్ళు ఉంటాయేమో. మొదటి రోజు వాకిట్లోనే "రండి అంకుల్" అని పిలిచి, ఫైల్లో వయసు చూసి "సార్"కి మారింది, అంతవరకూ మర్యాదస్తురాలే. మంచం ఎక్కించే ముందు అరగంట మాట్లాడింది. ఏ చెయ్యి వాటం, ఎన్ని దిండ్లు, ఫోన్ ఎలా పట్టుకుంటారు, కౌంటర్లో కంప్యూటర్ ఎటువైపు ఉంటుంది. అదేంటి, తలనొప్పికీ కంప్యూటర్ ఎటున్నదానికీ సంబంధం ఏంటి అనుకుంటూనే చెప్పాను: ఎడమవైపు. కస్టమర్ ఎదురుగా, తెర ఎడమ పక్కన, డబ్బు లెక్కపెట్టే మెషిన్ కుడి పక్కన. ఫోన్ వస్తే కుడి చెవికీ భుజానికీ మధ్య ఇరికించి మాట్లాడతాను, ఎందుకంటే రెండు చేతుల్లోనూ నోట్లుంటాయి.

ఇందాక చెప్పిన తాడులాంటి కండ ఉంది చూశారూ, దాని పేరు స్టెర్నోక్లైడోమాస్టాయిడ్, పలకడానికే మెడ పట్టేస్తుంది. దాని తమాషా ఏంటంటే కుడివైపున్నది పనిచేస్తే ముఖం ఎడమకి తిరుగుతుంది. అంటే పదకొండేళ్ళుగా రోజుకి ఆరేడు గంటలు నేను ఎడమకి చూస్తూ కూర్చుంటే కుడివైపు కండ వదలకుండా పనిచేస్తూనే ఉందన్నమాట. ఫోన్ ఇరికించిన ప్రతిసారీ మెడ నుంచి భుజం మీదికి పరుచుకున్న కండ, ట్రపీజియస్ పైభాగం, అది బిగుసుకుంది. మన ఇళ్ళల్లో దీనికి "నరం పట్టేసింది" అంటాం. నరానికి ఏం కాలేదు, పట్టేసింది కండ.

మొదట ఆమె వేళ్ళు ఆగిన చోటు ఉంది చూశారూ, దాన్ని ట్రిగర్ పాయింట్ అంటారు. కండలో కొన్ని పోగులు బిగుసుకుని సన్నటి తాడులా చేతికి తగులుతాయి, ఆ తాడు మీద ఒకచోట చిన్న బుడిపె లాంటిది ఉంటుంది, శనగ బద్దంత అనుకోండి. దాన్ని నొక్కితే అక్కడే కాకుండా దూరంగా ఇంకోచోట నొప్పి పుడుతుంది. అసలు వింత ఆ దూరంగా పుట్టడమే. గుండె జబ్బుకి ఎడమ చెయ్యి లాగుతుందని అందరికీ తెలుసు కదా, ఇదీ ఆ కోవదే. 1938లో కెల్‌గ్రెన్ అనే డాక్టరు లండన్‌లో మనుషుల కండల్లోకి ఉప్పునీళ్ళు సూదితో ఎక్కించి, నొప్పి ఎక్కడ తెలుస్తోందో చెప్పమని అడిగి రాసుకున్నాడు. సూది గుచ్చింది ఒకచోట, నొప్పి చెప్పింది ఇంకోచోట.

దీన్ని ఒక శాస్త్రంలా కూర్చిపెట్టింది జానెట్ ట్రావెల్ అనే అమెరికా డాక్టరు. నడుం నొప్పితో నానా బాధలు పడుతున్న కెనడీకి వైద్యం చేసింది ఆవిడే, ఆయన ప్రెసిడెంట్ అయ్యాక 1961లో వైట్‌హౌస్ డాక్టరయ్యింది, ఆ ఉద్యోగంలో మొదటి ఆడమనిషి. కెనడీ ఊగే కుర్చీ ఫొటోలు చూసే ఉంటారు, ఆ కుర్చీ ఆవిడ సలహానే. ఆయనకి ఒక కాలు కాస్త పొట్టి అని కనిపెట్టి చెప్పు మడమ కింద ఎత్తు పెట్టించింది కూడా. ఆవిడతో కలిసి పనిచేసిన డేవిడ్ సైమన్స్ కథ ఇంకా బాగుంటుంది. ఆయన వైమానిక దళంలో డాక్టరు, 1957లో ఒక బెలూన్ కింద వేలాడదీసిన డబ్బా లాంటి గదిలో కూర్చుని ముప్పై కిలోమీటర్ల పైకి వెళ్ళి, ఒక రోజుకి పైగా అందులోనే గడిపి వచ్చాడు. అంత ఇరుకులో అంతసేపు కూర్చున్న మనిషి తర్వాత కండరాల నొప్పుల మీద పడ్డాడంటే నాకేమీ ఆశ్చర్యం లేదు. ఆయనకి ట్రావెల్ ఉపన్యాసం విన్నాక ఆసక్తి పుట్టిందట, అది వేరే విషయం. ఇద్దరూ కలిసి 1983లో వేసిన పుస్తకంలో ఏ కండలో బుడిపె ఉంటే నొప్పి ఎక్కడ తెలుస్తుందో ఎర్ర రంగు వేసిన బొమ్మలున్నాయి. ఫిజియో అమ్మాయి గోడ మీద అలాంటి చార్టే ఉంది. నా కండ బొమ్మలో కన్ను చుట్టూ ఎరుపు, బుగ్గ మీద ఎరుపు, నడినెత్తిన ఎరుపు. మెడ మీద మాత్రం చిన్న ఇంటూ గుర్తు. ఆ చార్టు ముందు చాలాసేపు నిలబడ్డాను.

మెడలో ఉన్నది కంటి దగ్గర ఎందుకు తెలుస్తుందని అడిగాను. ఆమె చెప్పింది నేను నా భాషలో చెబుతాను. ముఖం నుంచి నొప్పి కబురు తెచ్చే నరం ఒకటి, మెడ పైభాగం నుంచి వచ్చే మొదటి మూడు నరాలు, ఇవన్నీ మెదడు కిందిభాగం దగ్గర ఒకే చోటికి చేరతాయి. రెండు బ్రాంచీల చెక్కులు ఒకే క్లియరింగ్‌కి వచ్చినట్టు. అక్కడ గుమాస్తా ఒకోసారి మెడ బ్రాంచి చెక్కుని కంటి బ్రాంచి ఖాతాలో రాసేస్తాడు. బ్యాంకులో అయితే మెమో ఇస్తారు, ఇక్కడ మెమో మనకే.

మొదటి రోజు ఆమె చేసింది చూస్తే, డబ్బులు దండగ అనిపించేంత కొంచెం. ఆ బుడిపె మీద వేళ్ళు పెట్టి ఆగింది. పదికి ఎంత నొప్పి అని అడిగింది. ఎనిమిది అన్నాను, పట్టు సడలించింది. ఆరు అన్నాను, అక్కడ ఆగింది. "ఊపిరి వదలండి సార్, బిగబట్టకండి" అంది, నేను బిగబట్టానని అప్పుడే తెలిసింది. ఓ అర నిమిషం అయ్యాక మళ్ళీ అడిగితే నాలుగు అన్నాను, ఆమె వేళ్ళ ఒత్తిడి ఏమీ తగ్గలేదు, నొప్పే తగ్గింది. తర్వాత రెండు. వేళ్ళ కింద ఏదో గడ్డకట్టిన వెన్న కరిగినట్టు జారిన భావన. అక్కడి నుంచి అంగుళం పైకి, మళ్ళీ అంతే. ఒక్క కండకి ఐదు నిమిషాలు పట్టిందేమో.

భుజం కండ దగ్గర వేరేలా చేసింది. మొదట అలాగే వేళ్ళ మధ్య పట్టుకుని ఆగి, తర్వాత తల ఎడమ పక్కకి వంచి, "నా చేతి మీదకి తలతో నెట్టండి, గట్టిగా కాదు, కాగితం నెట్టినంత" అని ఊపిరి పీల్చమని, ఓ ఏడెనిమిది క్షణాలయ్యాక ఊపిరి వదిలి తల వదిలేయమంది. వదలగానే మెడ తనంతట తానే ఇంకో అంగుళం వంగింది. ఇలా మూడుసార్లు. ఈ పద్ధతిని బాగా ప్రచారం చేసింది కరెల్ లెవిట్ అనే చెక్ డాక్టరట. లాగి పీకడం ఏమీ లేదు, కండని కాసేపు పనిచేయించి, అది వదిలేసినప్పుడు ఆ వదులు మనం వాడుకోవడమే. ఆ భుజం బుడిపె నొక్కితే నొప్పి మెడ పక్కగా పైకెక్కి చెవి వెనక నుంచి తిరిగి కణత దగ్గర ఆగింది, ప్రశ్నార్థకం గీసినట్టు. చార్టు మీద బొమ్మ కూడా అదే ఆకారం. అప్పటిదాకా నాకు లోపల ఒక మూల ఇదంతా మాటల గారడీ అనే అనుమానం ఉండేది. కాకపోతే చార్టు నేను ముందే చూశాను కాబట్టి నా మనసే ఆ దారి గీసిందేమో అన్న అనుమానం ఇప్పటికీ ఉంది.

అన్నిటికంటే హాయి ఆఖరుది. నా తల దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని, రెండు చేతుల వేళ్ళ కొసలు పైకి నిలబెట్టి, పుర్రె అంచు కింద, ముచ్చిలిగుంటకి ఇటూ అటూ ఆనించి, నా తల బరువంతా ఆ వేళ్ళ మీద వదిలేయమంది. తల ఇంచుమించు ఐదు కిలోలుంటుంది, మనం ఎప్పుడూ పూర్తిగా వదలం, ఎంతో కొంత పట్టుకునే ఉంటాం. ఆ సంగతి ఎవరైనా అలా వేళ్ళు పెట్టినప్పుడే తెలుస్తుంది. అక్కడ పుర్రెకీ మెడ మొదటి రెండు పూసలకీ మధ్య ఒక్కోవైపు నాలుగేసి బుల్లి కండలున్నాయట, తలని మిల్లీమీటర్ల లెక్కన సరిచేసేవి, తెర వైపు గడ్డం ముందుకి చాచి కూర్చున్నవాళ్ళకి ఇవి రోజంతా బిగుసుకునే ఉంటాయి. రెండు నిమిషాలు అలా ఉంచింది. నేను నిద్రపోయాను. గురక కూడా పెట్టానని తర్వాత తెలిసింది.

ఇంటికొచ్చి ఇదంతా చెబితే మా ఆవిడ "ఏవండీ, నా పన్ను కూడా అదేనేమో" అంది. తనకి కింది దవడ పన్ను ఆరు నెలలుగా లాగుతోంది, డెంటిస్టు ఎక్స్‌రే తీసి పన్ను శుభ్రంగా ఉంది, నేను దీన్ని ముట్టుకోను అని పంపేశాడు (మంచివాడు, ఇంకొకళ్ళయితే రూట్ కెనాల్ చేసేవాళ్ళు). తర్వాతి వారం తీసుకెళ్ళాను. పళ్ళు బిగిస్తే బుగ్గ మీద ఉబికే కండ ఉంటుంది కదా, మాసెటర్, గ్లవ్ వేసుకుని నోట్లో బొటనవేలు పెట్టి లోపల నుంచీ బయట నుంచీ దాన్ని పట్టుకుంటే సరిగ్గా ఆ పన్నే లాగింది. రాత్రుళ్ళు పళ్ళు బిగిస్తున్నారా అని అడిగితే తను నా వైపు చూసింది. పగలు కూడా బిగిస్తుంది, కారణం నేనేనట.

సరే, ఇప్పుడు నేను చేసిన బుద్ధితక్కువ పనులు. రెండుసార్లు వెళ్ళొచ్చాక నాకే అంతా వచ్చేసిందనుకున్నాను. కొంచెం నొక్కితే ఇంత సుఖంగా ఉంటే గట్టిగా నొక్కితే ఇంకెంత బాగుంటుందని, ఆదివారం అప్పడాల కర్ర తీసుకుని భుజం కండ మీద పావుగంట రుద్దాను. సోమవారం పొద్దున తల తిప్పలేకపోయాను, చొక్కా తీస్తే నల్లగా కమిలి ఉంది. ఇంకోసారి అద్దం ముందు నిలబడి మెడకి రెండు వైపులా ఉన్న ఆ తాడు కండల్ని రెండు చేతులతో ఒకేసారి నొక్కాను. కళ్ళు బైర్లు కమ్మి వాష్‌బేసిన్ పట్టుకుని కూలబడ్డాను. ఇది విని మాత్రం ఆ అమ్మాయి నవ్వలేదు. ఆ కండ కిందే మెదడుకి రక్తం తీసుకెళ్ళే పెద్ద నాళం ఉంటుంది, అందులో బీపీని కనిపెట్టే చోటు ఒకటుంది, దాన్ని నొక్కితే బీపీ ఎక్కువైందనుకుని శరీరం గుండె వేగం తగ్గించేస్తుంది. అందుకే ఆ కండని వేళ్ళ మధ్య పట్టుకుని బయటికి ఎత్తాలి గానీ లోపలికి నొక్కకూడదు. ఒకవైపు అయ్యాకే రెండోవైపు. వేళ్ళ కింద నాడి కొట్టుకుంటుంటే వెంటనే వదిలి పక్కకి జరగాలి. ఇది మీరు యూట్యూబ్ చూసి మొదలుపెట్టకండి, ఒకసారైనా తెలిసినవాళ్ళ చేత చేయించుకుని, మీ చెయ్యి పట్టుకుని వాళ్ళు చూపించాకే చేయండి.

అలాగే సెలూన్‌లో మెడ విరవడం. ఇరవై ఏళ్ళుగా నాకు కటింగ్ చేసే ఆయన చివర్లో తల నూనెతో మర్దన చేసి, గడ్డం ఒక చేత్తో, తల వెనక ఒక చేత్తో పట్టుకుని టక్ మని ఇటూ, టక్ మని అటూ తిప్పేవాడు. నాకు అదంటే ప్రాణం. ఇప్పుడు వద్దన్నాను, ఆయన చిన్నబుచ్చుకున్నాడు. మెడ పూసల పక్కనున్న రంధ్రాల్లోంచి రెండు రక్తనాళాలు పైకి వెళ్తాయి, అలా విదిలించి తిప్పినప్పుడు ఆ నాళం లోపలి పొర చిరిగితే అక్కడ రక్తం గడ్డకట్టి పక్షవాతం దాకా పోవచ్చు. అరుదే. కానీ 2022లో హైదరాబాద్‌లో ఒకావిడకి బ్యూటీ పార్లర్‌లో మెడ వెనక్కి వంచి తల కడిగించుకున్నాక స్ట్రోక్ వచ్చిందన్న వార్త మీరూ చూసే ఉంటారు. తల మర్దన చేయించుకోండి, హాయి, విరవడం మాత్రం వద్దనండి.

ఇంకో ముక్క. అన్ని తలనొప్పులూ కండల నొప్పులు కావు. ఉన్నట్టుండి పిడుగు పడ్డట్టు వచ్చేది, జ్వరంతో మెడ బిగుసుకుపోయేది, మాట తడబడటం, ఒక చెయ్యి తిమ్మిరెక్కి బలం తగ్గడం, చూపు మసకబారడం, దెబ్బ తగిలాక మొదలైంది, యాభై దాటాక కొత్తగా వచ్చింది, వీటికి ఫిజియో దగ్గరికి కాదు, నేరుగా డాక్టరు దగ్గరికి. నాకు స్కాన్ అయ్యాకే మెడ మీద చెయ్యి వేశారు, అది సరైన వరస.

ఇంతా చెప్పి, దీని మీద డాక్టర్లలోనే గొడవ ఉందని చెప్పకపోతే తప్పు. బుడిపె ఎక్కడుందో ఇద్దరు ఫిజియోలని విడివిడిగా వెతకమంటే ఇద్దరూ ఒకే చోటు చూపిస్తారన్న నమ్మకం లేదు, పరీక్షించి చూస్తే పొత్తు సరిగా కుదరలేదు. 2015లో ముగ్గురు పరిశోధకులు ఈ ట్రిగర్ పాయింట్ సిద్ధాంతమే నిలవదు, నొప్పి నిజమే కానీ కారణం కండలో లేదు అని గట్టిగా రాశారు. ఇటువైపు, అమెరికాలో జయ్ షా బృందం ఆ బుడిపెల్లోకి వెంట్రుకంత సూది పంపి ద్రవం తీసి చూస్తే నొప్పి పుట్టించే రసాయనాలు మామూలు కండ కంటే ఎక్కువగా కనిపించాయి. కండ పోగు వదలమన్నా వదలకుండా ముడుచుకుపోతుంది, దాంతో దానికి రక్తం అందదు, అందక ఇంకా ముడుచుకుంటుంది అని సైమన్స్ చెప్పిన వివరణ వినడానికి నాకు సబబుగానే ఉంది. వినడానికి సబబుగా ఉన్నవన్నీ నిజాలు కావని లోన్ అప్లికేషన్లు చదివిన మనిషిగా నాకు తెలుసు.

నా లెక్కే చూడండి. మూడు వారాల్లో ఆరుసార్లు వెళ్ళాను, సారికి 400 రూపాయలు. ఏడోసారికి సూదులు గుచ్చే పద్ధతి ఉంది చేద్దామా అంది, దండం పెట్టాను. నెలకి ఇరవై రోజులుండే తలనొప్పి రెండు నెలలకి ఐదారు రోజులకి దిగింది. కానీ అదే సమయంలో బిళ్ళలు ఆపాను. (ఆ మొదటి పది రోజులు, అమ్మో, డాక్టరు చెప్పిందానికంటే దారుణం, ఎనిమిదో రోజు రాత్రి మెడికల్ షాపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను.) రెండు దిండ్లు ఒకటి చేశాను. ఫోన్‌కి ఇయర్‌ఫోన్ కొన్నాను. తెర జరిపాను. ఇందులో ఏది ఎంత పనిచేసిందో తేల్చమంటే నా వల్ల కాదు. ఒక్కటి మాత్రం చెప్పగలను, చేతితో పట్టుకున్న రోజు సాయంత్రం తేలిగ్గా ఉండేది, తెర జరపకముందు ఆ తేలిక మూడో రోజు మధ్యాహ్నానికి ఆవిరైపోయేది. జరిపాక నిలబడింది.

ఆ తెర జరపడం ఒక పెద్ద కథ. కౌంటర్లో వైరు పొట్టి. పొడుగు వైరు కావాలని అర్జీ పెడితే ఆ విభాగం ఈ విభాగం అని తిప్పారు, కారణం రాయమన్న చోట "మెడ నొప్పి" అని రాస్తే మెడికల్ సర్టిఫికెట్ జతచేయమన్నారు. చివరికి నేనే 250 రూపాయలు పెట్టి బయట కొని బిగించుకున్నాను. ఇప్పుడు తెర ఎదురుగా ఉంది, కస్టమరు కాస్త కుడి పక్కకి వచ్చాడు. వచ్చినవాళ్ళు "ఏంటి సార్, మాకు ముఖం చాటేస్తున్నారు" అంటున్నారు.

ఇంట్లో చేసుకునేది కూడా చెప్పేస్తాను, ఇది ఆ అమ్మాయి దగ్గరుండి నేర్పించినదే. రెండు టెన్నిస్ బంతులు ఒక పాత సాక్సులో వేసి, పక్కపక్కన కదలకుండా ముడి వేయాలి. నేల మీద చాప పరుచుకుని వెల్లకిలా పడుకుని, ఆ రెండు బంతులు పుర్రె అంచు కింద, ముచ్చిలిగుంట రెండు బంతుల సందులోకి వచ్చేలా పెట్టుకోవాలి. ఇంకేం చేయకూడదు. తల ఊపకూడదు, దొర్లించకూడదు. రెండు నిమిషాలు, మహా అయితే మూడు. గడ్డం పైకి లేస్తుంటే మెడ వెనక్కి పడిపోతున్నట్టు లెక్క, నుదుటి కంటే గడ్డం కాస్త కిందికి ఉండాలి. తల తిరిగినా, చేతులు జివ్వుమన్నా తీసేయాలి. తర్వాత లేచి కూర్చుని కుడి చెయ్యి తొడ కింద పెట్టుకుని తల ఎడమకి వాల్చి, భుజం కండ లాగుతున్నట్టు అనిపించిన చోట నాలుగు ఊపిరులు ఆగడం. అంతే, రోజూ పది నిమిషాలు దాటదు. వారానికి ఐదు రోజులు చేస్తున్నాను, శని ఆదివారాలు బద్ధకం.

ఈ రోజు ఈ పోస్టు రాస్తూ మూడు గంటలు ల్యాప్‌టాప్ ముందు వంగి కూర్చున్నాను, అదీ మంచం మీద. కుడి కన్ను వెనకాల సన్నగా మొదలైంది. లేచి సాక్సు కోసం వెతికితే ఖాళీ సాక్సు దొరికింది, బంతులు లేవు. మా చిన్నాడు క్రికెట్‌కి పట్టుకుపోయాడు, ఒకటి డాబా మీద పోయిందట.